కోటు బాగుచేసిన పాపం

ఆ పొద్దున ఏజెంటు వేసిన పథకంలో ఏ లోపమూ లేదు. హోటల్లోనే టిఫిన్ కానివ్వడం, నది ఒడ్డుకి నడిచి పడవ ఎక్కడం, పడవ దిగిన చోటే ఉన్న ఎత్తైన గోపురం ఎక్కి ఊరంతా చూడడం, సాయంత్రం బజారులో ఇంట్లోవాళ్లకి నాలుగు వస్తువులు కొనడం. పరాయి దేశం, తెలియని ఊరు, ఉన్నది మూడు రోజులు. అందులో ఒకటి విమానం దిగి, తప్పిపోయిన పెట్టె కోసం వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఇంక ఒక్క నిమిషం కూడా వృథా కానివ్వనని ఏజెంటు అద్దం ముందు తల దువ్వుకుంటూ ప్రతిజ్ఞ చేశాడు.

ఏజెంటు అమ్మేది బీమా. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మందికి పాలసీలు అంటగట్టినందుకు కంపెనీవాళ్లు మెచ్చుకుని, ఇద్దరు వెళ్లిరావడానికి విదేశయాత్ర బహుమతిగా ఇచ్చారు. భార్యని రమ్మంటే, "మీరు ఊళ్లో లేని మూడు రోజులే నాకు యాత్రండీ" అని ఆవిడ మర్యాదగానే చెప్పింది. అందుకని చిన్నప్పటి స్నేహితుడైన టైలరుని బయల్దేరదీశాడు.

టైలరుని ఊరంతా మాస్టరు అనే పిలుస్తారు. వంచిన మెడ ఎత్తకుండా కుట్టీ కుట్టీ ఆయన మెడ నరం పట్టేసింది. కొన్నాళ్లు సూది ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ప్రయాణం ముందు మాస్టరు భార్య ఆయన పెట్టె సోదా చేసి, సూదులూ కత్తెరా లాక్కుని, ఆఖరికి చొక్కా కాలరు వెనక దాచుకున్న సూది కూడా పీకి, భర్త చేతిని ఏజెంటు చేతిలో పెట్టింది. "అన్నయ్యగారూ, ఈయన్ని మీ చేతుల్లో పెడుతున్నాను. సూది జోలికి మాత్రం పోనివ్వకండి" అని అప్పగింతలు పెట్టి కళ్లు ఒత్తుకుంది.

అప్పగింతలు పుచ్చుకోవడం తేలికే. తాగుబోతుని సారా కొట్టు ముందునుంచి నడిపించుకు పోవచ్చు గానీ, మాస్టరుని నలుగురు బట్టలు కట్టుకున్న మనుషుల మధ్య నడిపించడం కష్టం. విమానంలో ముందు సీటాయన భుజం కుట్టు పిగిలి ఉందని మాస్టరు దారంతా నిద్రపోలేదు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారి, "కెమెరా వైపు చూడండి" అని మొత్తుకుంటూ ఉంటే, ఈయన ఆ అధికారి కాలరు వైపు జాలిగా చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరూ గది తాళం వేసి బయటికొచ్చారు. ఎదురు గది తలుపు గొళ్లేనికి హ్యాంగరుతో ఒక కోటు వేలాడుతోంది. మాస్టరు ఠక్కున ఆగిపోయాడు.

"పదరా, పడవ వెళ్లిపోతుంది" అన్నాడు ఏజెంటు.

"ఉండరా. ఇది చూశావా?"

"చూశాను. కోటు."

"దీన్ని కోటంటావా నువ్వు?" అన్నాడు మాస్టరు, ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి.

పాపం, ఆ బాధలో అన్యాయం లేదు. కోటు ఎడమ చెయ్యి మోకాలి దాకా ఉంది. కుడి చెయ్యి మోచేతి దగ్గరే విరమించుకుంది. వీపు మధ్య ఎందుకో ఒక మూపురం లేచింది. జేబుల్లో ఒకటి తలకిందులుగా ఉంది. గుండీలకీ వాటి కాజాలకీ పాత కక్షలున్నట్టు ఒకదాని మొహం ఒకటి చూడడం లేదు.

"ఎవడో అభాగ్యుడు. ఏ పెళ్లిచూపులకో, ఏ ఉద్యోగానికో వచ్చి ఉంటాడు. ఇది తొడుక్కుని వెళ్తే పిల్లనిస్తారా, ఉద్యోగమిస్తారా?"

"ఇవ్వరు. వాడి ఖర్మ. మీ ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలి. నడు" అని ఏజెంటు ఆయన రెక్క పట్టుకుని కిందికి లాక్కుపోయాడు.

కింద భోజనాల హాల్లో మాస్టరు ఏమీ తినలేదు. రొట్టె ముక్కలు రెండూ సమానంగా లేవని అంచులు కలిపి సరిచేస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "కళ్లజోడు గదిలో మర్చిపోయాను. ఇప్పుడే వస్తా" అని లేచాడు. ఏజెంటు కోడిగుడ్ల మీద ధ్యాసలో ఉండి, సరేనని తలూపాడు. స్నేహితుడి వాటా గుడ్లు కూడా తిని, కాఫీ తాగి, మూతి తుడుచుకున్నాక గానీ కళ్లజోడు మాస్టరు ముక్కుమీదే ఉందన్న సంగతి అతనికి తట్టలేదు. అప్పటికి పడవ నది మధ్యలో ఉంది.

ఏజెంటు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలోకి వెళ్లేసరికి, మంచం నిండా కోటు పరుచుకుని ఉంది. కోటు అంటే కోటు కాదు. చేతులొక చోట, వీపొక చోట, కాలరు దిండు మీద.

"ఏం చేశావురా!"

"ఇంకా ఏమీ చెయ్యలేదు. విప్పానంతే."

"ఎవడిదో కోటు విప్పడమేంట్రా!"

"విప్పకుండా ఎలా కుడతారు? మనిషిని చూడకుండా నువ్వు పాలసీ అమ్ముతావా?"

"చూడకుండానే అమ్ముతాను! సూది ఎక్కడిది నీకు?"

"హోటలువాళ్లే పెట్టారు, సొరుగులో, సబ్బు పక్కన. చిన్న కత్తెర, నాలుగు రంగుల దారం, అన్నీ ఉన్నాయి. మనిషికి ఏం కావాలో తెలిసిన దేశంరా ఇది. గుండుసూదులు మాత్రం నీ కొత్త చొక్కాల్లోంచి తీశాను."

ఏజెంటు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. కూర్చుని ఆలోచించాడు. ముక్కలు తిరిగిస్తే అది దొంగతనం. కుట్టి తిరిగిస్తే ఉపకారం. ఎలాగూ పడవ పోయింది, ఉపకారమే నయమనిపించింది.

"సరే కానీ. తొందరగా కానీ. నేను బయట కాపలా ఉంటాను. మీ ఆవిడకి తెలిస్తే నన్ను కూడా విప్పేస్తుంది" అని తలుపు దగ్గరగా వేసి వరండాలో నిలబడ్డాడు.

అంతవరకూ బాగానే ఉంది. కాసేపటికి గదులు ఊడ్చే అమ్మాయి బండి తోసుకుంటూ వచ్చింది. లోపలికి వెళ్లబోతే ఏజెంటు చేతులు అడ్డం పెట్టాడు. ఆమె భాష ఇతనికి రాదు, ఇతని భాష ఆమెకి రాదు. లోపల మా వాడు పడుకున్నాడు, లేపొద్దు అని చెప్పాలనుకున్నాడు. రెండు కళ్లూ మూసి, మెడ వాల్చి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, కదలడు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇంకా బాగా అర్థం కావాలని పెద్దగా నిట్టూర్చాడు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బండి అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తింది.

"చూశావా, ఎంత మర్యాదస్తురాలో. పాపం, చప్పుడు కూడా చెయ్యకుండా వెళ్లిపోయింది" అని తలుపు సందులోంచి చెప్పాడు ఏజెంటు.

ఆ మర్యాదస్తురాలు తిరిగొచ్చేటప్పుడు మేనేజరమ్మనీ, పక్క వీధి డాక్టరునీ, స్ట్రెచరు పట్టుకున్న ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చింది. మేనేజరమ్మ బొద్దుగా, హుషారుగా ఉండే మనిషి. ఇంగ్లీషు వచ్చు. ఏజెంటుకి కూడా ఇంగ్లీషు వచ్చు, కాకపోతే పాలసీలు అమ్మడానికి సరిపడా మాత్రమే.

"మీ స్నేహితుడు ఏమయ్యాడు?" అందావిడ ఆదుర్దాగా.

"ఏమీ కాలేదు. కొంచెం కడుపునొప్పి" అన్నాడు ఏజెంటు, లోపలికి వినబడేలా గొంతు పెంచి. లోపల మాస్టరు ఆ గొంతు విని, మంచం మీదున్న కోటు ముక్కలన్నీ ఉండచుట్టి పొట్ట మీద పెట్టుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు. గుండుసూదులు ఎక్కడ పెట్టాలో తోచక, టైలర్లు పెట్టుకునే చోటే పెట్టుకున్నాడు. నోట్లో.

డాక్టరు నోరు తెరవమన్నాడు. మాస్టరు తెరవలేదు. పేరు అడిగాడు. మాస్టరు పెదాలు బిగించి, దీనంగా చూశాడు. దవడలు బిగుసుకుపోయాయని డాక్టరు మేనేజరమ్మకి గంభీరంగా చెప్పాడు. తర్వాత దుప్పటి మీంచి పొట్ట నొక్కాడు. అంత పెద్ద గడ్డ అతను పుస్తకాల్లో కూడా చూసి ఉండడు. మళ్లీ నొక్కితే గడ్డ ఎడమ పక్కకి జరిగింది. డాక్టరు మొహం పాలిపోయింది. స్ట్రెచరు వాళ్లు ముందుకొచ్చారు.

మాస్టరుకి చక్కిలిగిలి ఎక్కువ. మూడోసారి నొక్కేసరికి ఇంక ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వుతో గుండుసూదులన్నీ నోట్లోంచి జలజలా దుప్పటి మీద రాలాయి.

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. ముందుగా తేరుకున్నది మేనేజరమ్మే. చప్పట్లు కొట్టి, "ఎంత బాగా చేశారు! మీరూ నాటకాల వాళ్లేనా! ఈ మూడో అంతస్తులో మిగతా గదులన్నీ వాళ్లకే ఇచ్చాం. సాయంత్రం వెనక వీధి థియేటర్లో ఆట కదా. ఇంద్రజాలం కూడా ఉందని నాకెవరూ చెప్పనేలేదు" అంది.

ఎదుటివాళ్లు ఏమడిగినా కాదనకపోవడం ఏజెంటుకి వృత్తిలో అబ్బిన గుణం. "ఉంది, ఉంది" అన్నాడు. డాక్టరు మాత్రం పక్కకి జరిగిన ఆ గడ్డని మళ్లీ మళ్లీ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు.

మధ్యాహ్నానికి కోటు పూర్తయింది. ఇస్త్రీ కూడా చేశాడు. నిజం చెప్పుకోవాలంటే, మాస్టరు తన సొంత ఊళ్లో, సొంత మిషను మీద కూడా అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు. రెండు చేతులూ కవల పిల్లల్లా ఉన్నాయి. మూపురం మాయమైంది. జేబు తల పైకెత్తింది. గుండీలు కాజాలతో రాజీపడ్డాయి. కోటుని ఎదురు తలుపుకి మళ్లీ తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే మాస్టరు కళ్లు చెమ్మగిల్లాయి.

"ఎవరికీ చెప్పకురా. పేరు కోసం చేసింది కాదు" అన్నాడు.

"చెప్పను. మీ ఆవిడకి అసలు చెప్పను" అన్నాడు ఏజెంటు.

భోజనం చేసి, ఇంకా పొద్దుంది కదా, పడవ లేకపోతే టాక్సీలో వెళ్లి గోపురమైనా చూద్దామని డబ్బులు తీసుకోవడానికి పైకొచ్చారు. వరండాలో ఏడుపు వినిపించింది. ఎదురు గది ముందు, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక మనిషి కోటుని గుండెలకి హత్తుకుని భోరుమంటున్నాడు.

"ఆనందబాష్పాలురా" అన్నాడు ఏజెంటు, స్నేహితుడి భుజం తట్టి.

ఆ మనిషి నేల మీద చతికిలబడి, తల గోడకేసి కొట్టుకున్నాడు.

"మరీ ఇంత ఆనందమా?" అన్నాడు మాస్టరు అనుమానంగా.

ఈలోపు మేనేజరమ్మ వచ్చి అతన్ని ఓదార్చి, సంగతి కనుక్కుని, వీళ్లకి ఇంగ్లీషులో చెప్పింది. ఏజెంటు తెలుగు చేస్తూ వచ్చాడు. చెప్పేకొద్దీ అతని గొంతు సన్నబడిపోయింది.

"ఇతను హాస్యనటుడటరా. ఈ కోటు తొడుక్కుని పెళ్లిచూపులకి వెళ్లే వేషం ఇతనిది. కోటు చూడగానే జనం నవ్వుతారట. ఏళ్ల తరబడి, ఊరూరా, ఈ కోటే ఇతనికి అన్నం పెడుతోందట. పెట్టెలో వేసిన కలరా ఉండల వాసన పోవాలని పొద్దున బయట తగిలించి, రిహార్సలుకి వెళ్లాడట. ఇవ్వాళ సాయంత్రం పెద్ద థియేటరు యజమాని ఒకాయన ఇతని ఆట చూడ్డానికి వస్తున్నాడట. నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే..." ఏజెంటు ఆగాడు.

"నచ్చకపోతే?"

"నాటకాలు మానేసి, బావమరిది ఇనప సామాన్ల కొట్లో మేకులు తూచుకోవాలట. బావమరిది ఇప్పటికే స్టూలు కూడా చూపించాడట."

నటుడు ఆశ చావక, కోటు తొడుక్కుని, వరండా ఆ చివర్నుంచి తన వేషంలో లాగే తడబడుతూ నడిచొచ్చి, బండి తట్టుకుని దబ్బున పడ్డాడు. ఊడ్చే అమ్మాయి నవ్వలేదు సరికదా, పరుగెత్తుకెళ్లి, రెండు చేతులా లేవదీసి, దుమ్ము దులిపి, వంగి నమస్కారం పెట్టింది. ఆ కోట్లో అతను మంత్రిగారిలా ఉన్నాడు. మంత్రిగారు కింద పడితే నవ్వే ధైర్యం ఎవరికుంటుంది?

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందిరా" అన్నాడు మాస్టరు.

"నాలుక సంగతి తర్వాత. మనకేమీ తెలీదు. గోపురం చూద్దాం పద" అని చెవిలో ఊదాడు ఏజెంటు.

కానీ మాస్టరు అప్పటికే నటుడి ముందుకెళ్లి నిలబడ్డాడు. తన గుండె మీద చెయ్యి వేసుకుని, కోటుని చూపించి, సూదితో కుట్టినట్టు చెయ్యి ఆడించి, రెండు చేతులూ జోడించాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

"మీరు ఇంద్రజాలికులు కదా?" అంది మేనేజరమ్మ ఆశ్చర్యంగా.

"కాదమ్మా, టైలరు" అని ఏజెంటు ఒప్పుకున్నాడు.

"మరి నోట్లోంచి సూదులు?"

"టైలర్ల నోట్లో అవి ఎప్పుడూ ఉంటాయి."

నటుడు కళ్లు తుడుచుకుని, ఒక్కటే అడిగాడు. మళ్లీ మునుపటిలా చెయ్యగలడా అని. ఎందుకు చెయ్యలేనని మాస్టరు కోటు పుచ్చుకున్నాడు. పాడైన కోటుని బాగుచేసినవాడికి, బాగున్న కోటుని పాడుచెయ్యడం ఒక లెక్కా? అందరూ వీళ్ల గదిలోనే చేరారు. ఆటకి ఇంకా రెండు మూడు గంటలు ఉంది.

మాస్టరు ఒక చెయ్యి పొడుగు చేసి, ఒకటి పొట్టి చేసి చూపించాడు. నటుడు తొడుక్కున్నాడు. మేనేజరమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఇది కొత్త ఫ్యాషనా? మా అబ్బాయికి ఒకటి కావాలి" అంది. మాస్టరు విప్పేసి, వీపు మీద మూపురం పెట్టాడు. అది పువ్వు రేకుల్లా కుచ్చులు కుచ్చులుగా విచ్చుకుని, రాజుల కాలం నాటి ఉత్తరీయంలా దిగింది. మళ్లీ విప్పి, జేబుని తలకిందులు చేశాడు. ఆ జేబు అలా ఉండడమే న్యాయమనిపించేలా కుదిరింది. ఆఖరికి కళ్లు మూసుకుని కుట్టాడు. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి కావడం లోకంలో ఉన్నదే. మాస్టరు చేతిలో కోతిని చెయ్యబోతే వినాయకుడే తయారవుతున్నాడు.

నటుడు కిటికీ దగ్గర నిలబడి, మేకులు తూస్తున్నట్టు గాలిలో చెయ్యి ఆడించుకుంటున్నాడు. అది చూసి మాస్టరు కోటు ఒళ్లో పడేసుకుని ఏడ్చేశాడు.

"నా చేతికి వంకర రాదురా. చిన్నప్పట్నుంచీ దాన్ని కొట్టి కొట్టి తిన్నగా నడిపించాను. ఇప్పుడు వంకరగా నడవమంటే నా మాట వినడం లేదు. ఒకడి నోటి దగ్గర కూడు లాగేశానురా. బాగుచేస్తున్నాననుకుని లాగేశాను."

అంతసేపూ గోపురం గురించి గొణుక్కుంటున్న ఏజెంటు ఒక్క క్షణం స్నేహితుణ్ణి చూశాడు. ఎంత కోపంలో ఉన్నా మాస్టరు కంట్లో నీళ్లు చూసి తట్టుకోవడం అతనికి చిన్నప్పట్నుంచీ చేతకాదు. చొక్కా చేతులు పైకి మడిచి, "ఇటివ్వు" అన్నాడు.

"నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు కదరా."

"అందుకే ఇమ్మంటున్నాను."

దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. ఎక్కాక ఏజెంటు రెచ్చిపోయాడు. పాలసీ అమ్మేటప్పుడు ఎంత నమ్మకంగా ఉంటాడో సూది పట్టినప్పుడూ అంతే నమ్మకంగా ఉన్నాడు. చెయ్యి తెచ్చి మెడ దగ్గర పెట్టి కుట్టేస్తుంటే మాస్టరు ప్రాణం ఆగలేదు.

"అటు కాదురా! చంక కిందికి తిప్పు!"

"చంక కింద అన్నావా? అయితే పైకే" అని ఏజెంటు పైకే కుట్టాడు.

దాంతో పద్ధతి దొరికింది. మాస్టరు ఏది చెయ్యొద్దని మొత్తుకుంటే ఏజెంటు అదే చేసేవాడు. "దారం అంత బిగించకు" అంటే బిగించాడు. "అస్తరు వదిలెయ్యి, పట్టుకుంటోంది" అంటే అస్తరు కూడా కలిపి కుట్టాడు. మాస్టరు చెవులు మూసుకుని గోడవైపు తిరిగాడు. కానీ గోడవైపు తిరిగి కూడా, "జేబు మీదకి రానివ్వకురా, నీకు దణ్ణం పెడతాను" అనకుండా ఉండలేకపోయాడు. ఏజెంటు జేబు మీదకి రానిచ్చాడు. పని పూర్తయి లేచి నిలబడితే కోటు కూడా అతనితో పాటు లేచింది. తన చొక్కా అంచు కూడా కలిపి కుట్టేసుకున్నాడు. విప్పే వ్యవధి లేక మేనేజరమ్మ చొక్కానే కత్తిరించింది. చారల గుడ్డముక్క ఒకటి కోటు వెనక తోకలా వేలాడింది.

థియేటర్లో మొదటి గంట కొట్టారు. తొడిగి చూసుకోవడానికి కూడా సమయం లేదు. నటుడు కోటు చంకన పెట్టుకుని పరుగెత్తాడు. వీళ్లు వెనక తలుపులోంచి వెళ్లి తెర పక్కన నిలబడ్డారు. ముందు వరసలో లావుపాటి యజమాని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నవ్వడం తన ఉద్యోగంలో భాగం కాదన్నట్టు ఉంది ఆయన వాలకం.

నటుడు రంగం మీదకి వచ్చాడు. జనం కొద్దిగా నవ్వారు. యజమాని నవ్వలేదు. నటుడు, కాబోయే మామగారికి మర్యాదగా టోపీ ఎత్తాలని కుడి చెయ్యి పైకెత్తాడు. చేతితో పాటు కోటంతా లేచి మొహం మీదకి వచ్చింది. తల కనిపించలేదు. అది వేషంలో లేదు. నటుడు నిజంగానే కంగారుపడి ఎడమ చేత్తో కిందికి లాక్కోబోతే ఆ చెయ్యి జేబులో దూరి, జేబుతో సహా వీపు వెనక్కి పోయింది. తలా చేతులూ లేని కోటొకటి, చారల తోక ఊపుకుంటూ, మామగారి కోసం రంగమంతా వెతుక్కుంటోంది.

"చంపేశావురా మనిషిని" అని మాస్టరు మొహం కప్పుకున్నాడు. ఇంతలో హాల్లోంచి పెద్ద రొద వినిపించింది.

"కొట్టడానికొస్తున్నట్టున్నారు. వెనక తలుపు ఎటుంది?" అన్నాడు ఏజెంటు.

మేనేజరమ్మ ఇద్దరి కాలర్లూ పట్టుకుని హాలు వైపు తిప్పింది. జనం కుర్చీల్లో దొర్లుతున్నారు. యజమాని కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, చాలు చాలు అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆయన ఆయాసం చూసి ఏజెంటుకి పాలసీ గుర్తొచ్చింది. మాస్టరు ఆ రంగం వైపు, ఆ కోటు వైపు, ఆ కుట్ల వైపు చూశాడు. చూసి, చూసి, ముందు మూతి బిగించి, తర్వాత ఆపుకోలేక, పొద్దున డాక్టరు నొక్కినప్పటికంటే గట్టిగా నవ్వాడు. పాడు కుట్టు చూసి ఆయన నవ్వడం జీవితంలో అదే మొదలు.

ఆట అయ్యాక నటుడు వీళ్లిద్దర్నీ చెరో చేత్తో వాటేసుకోబోయాడు. కోటు ఇంకా ఒంటి మీదే ఉండడం వల్ల కుదరలేదు. యజమాని కళ్లు తుడుచుకుంటూ తెర వెనక్కి వచ్చి, ఏడాది పొడుగునా పని ఖాయమని అందరి ముందూ చెప్పేశాడు. నటుడు కోటు లోపల్నుంచే బావమరిదికి ఫోన్ చేసి, స్టూలు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాడు.

"ఇంతకీ ఈ కోటు కుట్టిన మహానుభావుడెవరు?" అని అడిగాడు యజమాని.

అలవాటు ప్రకారం మాస్టరు ఒక అడుగు ముందుకేసి, వినయంగా తల వంచాడు. మేనేజరమ్మ ఆయన్ని మెల్లిగా పక్కకి జరిపి ఏజెంటుని చూపించింది. యజమాని ఏజెంటు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి, ఇలాంటి పనితనం తాను ఎక్కడా చూడలేదనీ, తన బృందం మొత్తానికి కోట్లు కావాలనీ, రేపే మొదలుపెట్టాలనీ అన్నాడు. ఏమడిగినా కాదనని ఏజెంటు దానికీ సరేనన్నాడు.

"మరి ఈయనెవరు?" అన్నాడు యజమాని, మాస్టరుని చూపించి.

"నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మంచివాడే. చెయ్యే ఇంకా మరీ తిన్నగా ఉంది" అన్నాడు ఏజెంటు.

మర్నాడు పొద్దున్నే నటులందరూ హోటలు వరండాలో వరసగా నిలబడ్డారు. మాస్టరు జేబులోంచి టేపు తీసి మొదటివాడి భుజాల మీద పెట్టబోయాడు.

ఏజెంటు నోట్లో గుండుసూదులు సర్దుకుంటూ విసుక్కున్నాడు. "కొలతలెందుకురా మధ్యలో? కోటు పాడైపోతుంది."